కంటి శుక్లానికి లేజరా, మామూలు ఆపరేషనా?



శుక్లం వచ్చినోళ్లు మమ్మల్ని మొదట అడిగేది ఒకటే: "లేజర్ అయితే కోత ఉండదట గదా?" ఉంటుంది. మామూలు ఆపరేషన్‌లో డాక్టర్ బ్లేడుతో 2, 3 మిల్లీమీటర్ల కోత పెడతారు. లేజర్ అయితే ఆ కోత పెట్టడం, లోపలి పొర తెరవడం, శుక్లాన్ని ముక్కలు చేయడం మిషన్ చేస్తుంది. ఆ తర్వాత శుక్లాన్ని పీల్చి తీయడం, కొత్త లెన్స్ పెట్టడం రెండింటిలోనూ డాక్టర్ చేతి పనే. 2020లో ఫ్రాన్స్, బ్రిటన్ పరిశోధనలు తేల్చింది ఇదే: చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఖర్చు మాత్రం లేజర్‌కే ఎక్కువ.

అందుకే లేజర్ కోసం వడ్డీకి అప్పు తేవద్దు. అంత డబ్బు లేదని ఆపరేషనే మానుకోవద్దు. మసక కన్నుతో స్కాఫోల్డింగ్ ఎక్కితే ప్రాణానికే ముప్పు.

2025 జనవరి నుంచి షార్జా, అజ్మాన్ లాంటి చోట్ల కూడా ఇన్సూరెన్స్ డబ్బు పని ఇచ్చే కంపెనీయే కట్టాలి. కార్డు చూపించి, శుక్లానికి ఎంత వస్తుందో ముందే అడగండి. సెలవు మీద ఇంటికి పోతే, హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పేదలకు ఉచితంగా చేస్తారు. అయితే తిరుగు టికెట్‌కు రెండు రోజుల ముందు చేయించుకోకండి. చుక్కల మందు, చెకప్‌లు కొన్ని వారాలు ఉంటాయి. డాక్టర్ సరే అన్నాకే దుమ్ములోకి, బరువు పనికి దిగాలి.

మన ఇండ్లు నడిచేది మన కండ్ల మీదనే.