సీసా పట్టుకున్న చేయి



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆ సర్జన్ గారు బతికున్నన్నాళ్లూ తన పేరు ఏ గోడమీదా చెక్కనివ్వలేదు. అచ్చులోనూ పేరు వద్దని ఇంటివాళ్లు అడిగారు. అందుకని వార్డులో పిలిచినట్టే ‘సారు’ అంటాను. ముందు వరసల్లో హౌస్ సర్జన్లు, విద్యార్థులు కూర్చున్నారు. ఇవాళ నా మాటలు ఎక్కువగా వాళ్లకే.

సీమలో ఒక పెద్దాసుపత్రిలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులవి. ఒక రాత్రి ఒకే ఊరి రెండు వర్గాలవాళ్లనూ రెండు జీపుల్లో క్యాజువాల్టీకి తెచ్చారు. ఒకడికి కొడవలి దెబ్బ, ఇంకొకడికి నాటుబాంబు. వరండాలో ఇటు వీళ్ల మనుషులు, అటు వాళ్ల మనుషులు, మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్లు. ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, "మా పిల్లోణ్ని ముందు చూడు నాయనా, ఆ నా కొడుకు మా తమ్ముణ్ని చంపినోడు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. సారు వచ్చి ఇద్దరి నాడీ చూశారు, ఇద్దరి కడుపులూ తడిమారు. "ఈ అబ్బాయి ఆగలేడు, ఆ అబ్బాయి గంటసేపు ఆగుతాడు" అని ఒకణ్ని టేబుల్ ఎక్కించారు. పేరేమని రాయాలని నేను కేసు షీటు పట్టుకుని అడిగితే, "తర్వాత రాద్దువు" అన్నారు. స్టాండు ఖాళీ లేదు. నా చేతికి సెలైన్ సీసా ఇచ్చి, లేబుల్ పైకి చదవమని, ఎత్తి పట్టుకోమన్నారు. నేను పట్టుకున్నది ఆ ముసలాయన తమ్ముణ్ని చంపినవాడి సీసా అని తెల్లారాక తెలిసింది.

యుద్ధంలో శత్రువుకు చికిత్స చేసే డాక్టరు గురించి ఆలోచిస్తే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. దేశాన్నీ వర్గాన్నీ ఒకే గాట కట్టాలని కాదు. దేశం చాలా పెద్ద మాట. వర్గం కోసం ప్రాణమిచ్చినవాణ్ని చూసి జాలిపడతాం, దేశం కోసం ఇచ్చినవాడికి చెయ్యెత్తి దండం పెడతాం. అందుకే యుద్ధకాలంలో వైద్యుడి చిక్కు ఆ రాత్రి మా చిక్కుకన్నా ఎన్నో రెట్లు కఠినం. వరండాలో నిలబడి చెయ్యి పట్టుకునేది అక్కడ ఒక ముసలాయన కాదు, తన జాతి మొత్తం.

మీలో చాలామంది పన్నెండో తరగతి సీబీఎస్ఈ ఇంగ్లీషు పుస్తకంలో పెర్ల్ బక్ రాసిన ‘ది ఎనిమీ’ కథ చదివే ఉంటారు. పరీక్ష కోసం చదివినది మళ్లీ ఒకసారి చదవండి. 1942లో అమెరికన్ పత్రికలో వచ్చిన కథ అది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి ఏడాది కూడా సరిగ్గా తిరగలేదు. అమెరికా తన దేశంలోనే ఉన్న జపాన్ సంతతివాళ్లను లక్షమందికి పైగా ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టిన సంవత్సరం. అప్పుడు ఒక అమెరికన్ రచయిత్రి, అమెరికన్ పాఠకుల ముందు, ఒక జపాన్ డాక్టర్ని కథానాయకుణ్ని చేసి నిలబెట్టింది. ఆ ధైర్యాన్ని మన పాఠ్యపుస్తకాల ప్రశ్నలు ఎన్నడూ అడగవు.

కథ మీకు తెలుసు. అమెరికాలో సర్జరీ నేర్చుకుని వచ్చిన డాక్టర్ సదావో ఇల్లు సముద్రపు ఒడ్డున. తుపాకి గాయంతో ఒక అమెరికన్ నావికుడు అక్కడికి కొట్టుకొస్తాడు. ఆశ్రయమిస్తే ద్రోహి, అప్పగిస్తే వాడు చస్తాడు. సదావో తిట్టుకుంటూనే లోపలికి తెచ్చి ఆపరేషన్ చేసి బతికిస్తాడు.

ఇక్కడిదాకా చెప్పి మానవత్వం గెలిచిందని ముగిస్తే ఆ కథకు అన్యాయం చేసినట్టే. సదావో మహాత్ముడు కాడు. పోలీసు అధికారికి ఉత్తరం టైపు చేయడం మొదలుపెడతాడు, పూర్తి చేయకుండా సొరుగులో దాస్తాడు. తన మీద ఆధారపడిన ముసలి జనరల్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పేస్తాడు. రాత్రిపూట మనుషుల్ని పంపి వాణ్ని చంపిస్తానని జనరల్ అంటే ఒప్పుకుంటాడు! కుట్లు వేసిన ఆ చేతులతోనే తలుపు గడియ తీసి ఉంచి, అడుగుల చప్పుడు కోసం రాత్రుళ్లు మెలకువగా పడుకుంటాడు. వాళ్లు రారు. జనరల్ తన నొప్పి గొడవలో పడి ఆ మాటే మరచిపోతాడు. చివరికి సదావో తన పడవలో తిండీ నీళ్లూ పెట్టి, ఆ కుర్రాణ్ని చీకట్లో దాటించేస్తాడు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆయన భార్య హనా. శత్రువు ఒంటిని కడగనని దాది యూమీ తెగేసి చెప్తే, హనా తనే నీళ్లు తెచ్చి కడుగుతుంది. ఎప్పుడూ ఆపరేషన్ చూసి ఎరగని మనిషి మత్తుమందు ఇవ్వడానికి తల దగ్గర నిలబడుతుంది, బయటికి పరుగెత్తి వాంతి చేసుకుని మళ్లీ లోపలికి వస్తుంది. పనివాళ్లంతా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే వంటా, ఇల్లూ, రోగీ ఆమె మీదే పడతాయి. డాక్టరు వృత్తిధర్మం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లం ఆ ధర్మానికి ఇంట్లో ఎవరు ఖర్చు పెట్టుకుంటారో చెప్పం. సదావోను నిలబెట్టే శిక్షణ ఆయనకుంది. హనాకు ఏ కాలేజీ నేర్పింది?

కథ రాసిన మూడేళ్లకు నిజంగానే అమెరికన్లు జపాన్ డాక్టర్ల చేతికి చిక్కారు.

1945 మే 5న జపాన్‌లోని క్యూషూ దీవిమీద ఒక అమెరికన్ బి-29 విమానం కూలింది. పారాచూట్లతో దిగినవాళ్లలో కొందరు అక్కడే చనిపోయారు. పట్టుబడినవాళ్లను, మరికొందరు విమాన సైనికులను ఫుకువోకాకు తెచ్చారు. విమానం నడిపిన అధికారిని ప్రశ్నించడానికి టోక్యో పంపారు కాబట్టి ఆయన బతికిపోయాడు. మే, జూన్ నెలల్లో కనీసం ఎనిమిదిమందిని క్యూషూ ఇంపీరియల్ యూనివర్సిటీ వైద్య విభాగానికి తీసుకెళ్లారు. గాయాలకు చికిత్స చేస్తారనుకుని వాళ్లు ఎదిరించలేదు. ప్రొఫెసర్ ఇషియామా, ఆయన సహాయకులు ఒకరికి ఊపిరితిత్తి తీసేశారు, మరొకరి కాలేయంలో ముక్క కోశారు. రక్తానికి బదులుగా సముద్రపు నీరు ఎక్కిస్తే మనిషి నిలుస్తాడా అని చూశారు. ఒక్కరూ బతకలేదు.

వాళ్లను రాక్షసులని ఒక్క మాటలో తోసేయడం తేలిక. కానీ వాళ్ల వాదన వినండి. యుద్ధరంగంలో మన కుర్రాళ్లు రక్తం చాలక చచ్చిపోతున్నారు, రక్తానికి ప్రత్యామ్నాయం దొరికితే వేలమంది బతుకుతారు. వీళ్లు మన ఊళ్లను తగలబెట్టినవాళ్లు, ఎలాగూ సైన్యం చంపేస్తుంది. ఇందులో కోపానికి కారణం లేదనలేం. ఆ మార్చిలో ఒక్క రాత్రి బాంబుదాడిలో టోక్యోలో దాదాపు లక్షమంది కాలిపోయారు. జూన్ 19న ఫుకువోకా కూడా తగలబడింది. ఆ డాక్టర్లు తమను దేశభక్తులమనే అనుకున్నారు. అక్కడే నా గుండె బరువెక్కుతుంది. సదావో దేశభక్తి గడియ తీసి గుమ్మం దగ్గర ఆగింది. ఫుకువోకాలో అది గౌను తొడుక్కుని, చేతులు కడుక్కుని, కత్తి పట్టుకుంది.

జపాన్ సంస్కృతి అంతేనని ఎవరైనా అంటే ఒప్పుకోను. అదే క్యూషూ దీవిలో, 1877లో సత్సుమా తిరుగుబాటు జరిగింది. సానో త్సునెతామి అనే ఆయన, ప్రభుత్వ సైనికులకూ తిరుగుబాటుదార్లకూ కూడా కట్లు కట్టే సంఘం పెడతామని అడిగాడు. రాజద్రోహులకు వైద్యమా అని ప్రభుత్వం మొదట కాదంది. కుమమోతోలో ఉన్న సేనాపతి, రాజకుమారుడు అరిసుగావా అనుమతి ఇచ్చాడు. ఆ సంఘమే పదేళ్లకు జపాన్ రెడ్ క్రాస్ అయింది. మధ్యలో 1886లో జపాన్ జెనీవా ఒప్పందంలో చేరింది. 1904లో రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు మత్సుయామా పట్టణంలో గాయపడ్డ రష్యన్ ఖైదీలకు రెడ్ క్రాస్ నర్సులు సేవ చేశారు. అక్కడే చనిపోయినవాళ్ల సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నాయి. కుమమోతో నుంచి ఫుకువోకాకు ఇప్పుడు రైల్లో గంట కూడా పట్టదు. కాలం చూస్తే 68 ఏళ్లు.

ఈ కాలంలో మారింది వైద్యశాస్త్రం కాదు. దేశం తను ఇచ్చిన మాట నుంచి తప్పుకుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. శత్రువుకు చికిత్స చేసే డాక్టరు వృత్తి కోసం దేశాన్ని పక్కన పెడుతున్నాడని అందరం అనుకుంటాం. అలా కాదు. శాంతికాలంలో, తల చల్లగా ఉన్నప్పుడు, దేశమే సంతకం పెట్టింది: గాయపడి ఆయుధం వదిలినవాణ్ని చూసుకుంటాం అని. 1949 జెనీవా ఒప్పందం చెప్పేది వినండి. ఎవరికి ముందు చికిత్స అన్నది వైద్యపరమైన అవసరాన్ని బట్టే తేలాలి. క్షతగాత్రుడికి సేవ చేసినందుకు ఎవర్నీ వేధించకూడదు, శిక్షించకూడదు. మన పార్లమెంటు 1960లో దానికి చట్టం చేసింది. అంటే టేబుల్ దగ్గర నిలబడ్డ డాక్టరు, కోపంలో ఉన్న దేశానికి ఒకప్పుడు తనే ఇచ్చిన మాటను గుర్తుచేస్తున్నాడు. మా సారు నాడి చూసి వరస తేల్చిన రాత్రి నాకు ఒప్పందాలేవీ తెలియవు. చదివాక, ఇది చూశానే అనిపించింది.

మరి బతికినవాడు తిరిగి వెళ్లి మనవాణ్ని చంపితే? ఈ ప్రశ్న వేసే విద్యార్థిని నేను కసరను. న్యాయమైన ప్రశ్న. చికిత్స వేరు, విడుదల వేరు. గాయం మానినవాడు యుద్ధఖైదీ, యుద్ధం ముగిసేదాకా కాపలాలోనే ఉంటాడు. అలా చూస్తే సదావో కుట్లు వేయడం ధర్మం, పడవ ఇవ్వడం వైద్యుడి పని కాదు. కానీ అప్పగిస్తే వాణ్ని ఖైదీగా చూడరనీ, చంపుతారనీ సదావోకు తెలుసు. దేశం మాట నిలుపుకునే దేశమైతే ఆ పడవ అవసరమే లేదు. చట్టం చేయాల్సిన పని చేయనప్పుడు ఆ బరువంతా ఒక్క మనిషి మీద, చీకట్లో, ఒక పడవ మీద పడుతుంది. పడవ ఇచ్చినందుకు సదావోను నేను తప్పుపట్టలేను. ఆ స్థితికి తెచ్చిన రాజ్యాన్ని తప్పుపడతాను.

యూనిఫాం వేసుకున్న డాక్టరు సంగతి ఇంకా కష్టం. ఆయన తటస్థుడు కాడు, ఒక సైన్యానికి చెందినవాడు. కొరియా యుద్ధానికి మన దేశం పోరాడే పటాలాలను పంపకుండా 1950 నవంబరులో వైద్యదళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలోని 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. ప్యాంగ్యాంగ్ నుంచి సైన్యాలు వెనక్కి తగ్గుతుంటే, పరికరాలు వదిలేసి రావడానికి మనసొప్పక, ఒక పాత ఆవిరి ఇంజనూ బోగీలూ వెతికి, అన్నీ ఎక్కించి, తామే నడుపుకుని, వంతెన పేల్చివేయడానికి కాస్త ముందు దాటించారు. 1951 మార్చిలో మున్‌సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతోపాటు ఈ దళంవాళ్లు 12 మంది దూకారు. తుపాకుల మధ్యకు, మందుల సంచులతో. దేశభక్తికి ఇలాంటి రూపం కూడా ఉంటుందని మా తరం పిల్లలకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మళ్లీ ఫుకువోకాకు వస్తాను. యుద్ధం ముగిశాక ప్రొఫెసర్ ఇషియామా విచారణకు ముందే 1946లో జైల్లో ఉరివేసుకున్నాడు. 1948లో యోకొహామాలో 23 మందిని దోషులుగా తేల్చారు. అయిదుగురికి ఉరిశిక్ష పడింది కానీ అమలు కాలేదు, తర్వాత తగ్గించారు. యూనివర్సిటీ చాలా దశాబ్దాలు ఈ సంగతి మాట్లాడలేదు. 2015లో తెరిచిన వైద్యచరిత్ర మ్యూజియంలో మాత్రం దీనికి చోటిచ్చింది.

ఆ ప్రయోగాలు జరిగిన గదిలో తోషియో తోనో అనే కుర్రాడు ఉన్నాడు. వైద్యవిద్యలో అప్పుడే చేరాడు. కత్తి పట్టలేదు. నేలమీది నెత్తురు కడిగాడు. ఎత్తి పట్టుకోమని ఒక సీసా ఇస్తే పట్టుకున్నాడు. అందులో ఉన్నది సముద్రపు నీరు. ఆయన తర్వాత ఫుకువోకాలోనే ప్రసూతి వైద్యుడయ్యాడు. ఎంతోమంది పిల్లలకు పురుడు పోశాడు. ఆ మాట ఎత్తవద్దని చుట్టూ ఉన్నవాళ్లు కోరుకుంటుంటే, పాత కాగితాలు వెతికి, మనుషుల్ని కలిసి, 1979లో పుస్తకం రాశాడు. 2021లో 95 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ గది గురించి చెబుతూనే ఉన్నాడు.

తోనో గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆయనకన్నా కొద్ది ఏళ్లే పెద్దవాణ్ని నేను, ఆ రాత్రి. ఆయన చేతిలో ఉన్నదీ సీసాయే, నా చేతిలో ఉన్నదీ సీసాయే. ఆయన ఎదుట ఒక ప్రొఫెసర్, నా ఎదుట ఒక ప్రొఫెసర్. ఇద్దరం అడగకుండా పట్టుకున్నాం. నేను ఫుకువోకాలో పుట్టి ఉంటే ఆ నేల కడిగేవాణ్ని కానని ఈ వేదిక మీద చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ రాత్రి రెండో సీసా మార్చేటప్పుడు, చెయ్యి తిమ్మిరెక్కి, లేబుల్ చదవకుండానే తగిలించబోయాను. కడుపులో చేతులున్న సారు తల ఎత్తలేదు. "చదువు" అన్నారు. సోడియం క్లోరైడ్, 0.9 శాతం అని చదివాను. "గట్టిగా. పేషెంటుకు వినపడాలి" అన్నారు. ఆ అబ్బాయి మత్తులో ఉన్నాడు. అయినా గట్టిగా చదివాను.