పాములతో పొరుగు

భారత ఆదిపర్వమున జనమేజయుడు సర్పజాతి నెల్ల అగ్నికి ఆహుతి సేయబూనగా ఆస్తీకుడు మాన్పించెను. ఆ నీతి మన అత్తిలి వరిచేలకును వర్తించును. పైరు కొరికెడి ఎలుకలను పాము తినును; ఇంటికి వచ్చుటయు ఆ ఎలుకల కొరకే. కావున గాదె చుట్టును శుభ్రముగా నుంచుడు.

కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. నొప్పి యంతగా తెలియదు. మంచముపై దోమతెర కట్టుకొని పరుండుడు. అది దోమను గూడ వారించును. దోమ కడుపున మలేరియా క్రిమిని రాస్ పండితుడు 1897లో సికింద్రాబాదుననే కనుగొనెను.

పాము కరచినచో మంత్రగాని యింట కాలము పోగొట్టకుడు; గాయమును కోయకుడు, బిగించి కట్టకుడు. అవయవము కదల్పక వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. విషమునకు విరుగుడు సూదిమందే. ఈ మాటను చదువురాని పొరుగువారికి మన గ్రంథాలయ పాఠకులే చెప్పవలెను.

నాగులచవితినాడు పుట్టకు మ్రొక్కిన చేయి మరునాడు కర్ర యెత్తనేల?