చిన్న పక్షమును వర్ణించుట యెట్లు?



వేలూరు, గుడియాత్తము ప్రాంతముల పూర్వరాజకీయములు ప్రస్తావనకు వచ్చినపుడు, మనలో పలువురు కామన్‌వీల్ పార్టీని "కులపక్షము" అని ఒక్కమాటతో తీసివేయుదురు. ఆ మాట అసత్యము కాదు, అసంపూర్ణము.

ఏ పక్షమునైనను వర్ణించుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: ఎవరిది? ఎచ్చటిది? ఎంతటిది? ఏమి చేసినది?

కామన్‌వీల్ అనగా సర్వజనక్షేమము. పేరట్టిదైనను, మాణిక్యవేలు నాయకరు నడపిన ఆ పక్షమునకు ముఖ్యబలము వన్నియకులస్థులు. ముఖ్యస్థానము ఉత్తర ఆర్కాటు జిల్లా. 1952 ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 375 స్థానములలో దానికి దక్కినవి 6. కాని ఆధిక్యమునకు 188 కావలసియుండగా, కాంగ్రెసుకు వచ్చినవి 152 మాత్రమే. కావున ఆ ఆరింటికిని విలువ వచ్చెను. పక్షము రాజగోపాలాచారిగారి ప్రభుత్వమును బలపరచెను. నాయకరు మంత్రి యయ్యెను. కామరాజుగారు ముఖ్యమంత్రియై, మన గుడియాత్తము ఉపయెన్నికలో గెలిచిన 1954లోనే ఆ పక్షము రద్దయ్యెను.

ఎన్నికలలో కాంగ్రెసునకు ప్రత్యర్థి, పిదప మిత్రము, తుదకు శూన్యము! సంవత్సరము చెప్పనిచో వీనిలో ఏ వర్ణనయు నిలువదు. సంఖ్యలో చిన్నదైనది పనిలోను చిన్నదే యనుటయు పొరపాటే.

ఇది మనకేల యందురా? తరతరములుగా ఇచ్చటనే యున్న మనలను గూడ "తెలుగువారి ఓట్లు" అని ఒకే మూటగా కట్టువారు గలరు. మనలో నేతగాండ్రు, వర్తకులు, రైతులు, ఉద్యోగులు గలరు. అందరి అభిప్రాయము ఒకటి కాదు. మనకు నొప్పి కలిగించు ఆ కొలతతో మనము ఇతరులను కొలువరాదు.