100 మీటర్ల పరుగులో చేతులకేం పని?

ఇవాళ నాదెండ్ల గ్రౌండ్ నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల ట్రాక్టర్ల చప్పుడు వినపడితే ఏమీ అనుకోకండి.

మీలో చాలామంది అడిగేదే ఈ రోజు టాపిక్. "అన్నా, పరిగెత్తేది కాళ్లు కదా, చేతులకీ ఛాతీకీ ఎక్సర్‌సైజులు ఎందుకు?" అని. మంచి ప్రశ్న.

ముందు ఒక సంగతి చెప్తాను. మా దగ్గర ప్రాక్టీస్ చేసే తమ్ముడు ఒకడున్నాడు. మిరపకాయల సీజన్లో టిక్కీలు ఎత్తే పనికి వెళ్తాడు. ఒక్కో టిక్కీ దాదాపు 40 కిలోలుంటుంది. అంటే బలానికి లోటు లేదు. కానిస్టేబుల్ కావాలని వాడి కోరిక. 2022 నోటిఫికేషన్ ప్రకారం సివిల్ పోస్టుకి 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. 100 మీటర్లు, లాంగ్‌జంప్, ఈ రెండిట్లో ఒకటి పాసవ్వాలి. 100 మీటర్లు మగపిల్లలకి 15 సెకన్లు, ఆడపిల్లలకి 18. వాడికేమో లాంగ్‌జంప్ 3.80 మీటర్లు అందట్లేదు. ఇక 100 మీటర్లే దిక్కు. అక్కడేమో 15.4 దగ్గర ఆగిపోయాడు.

ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూశాం. 60 మీటర్లు దాటాక భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. పిడికిళ్లు బిగుసుకుపోయాయి. చేతులు ముందుకీ వెనక్కీ కాకుండా ఛాతీకి అడ్డంగా ఊగుతున్నాయి. ఎంత బలముంటే ఏం లాభం చెప్పండి!

అసలు చేతులు ఏం చేస్తాయి? కుడికాలు ముందుకి వెళ్లినప్పుడు నడుము ఒక పక్కకి తిరగబోతుంది. అదే సమయంలో ఎడమచెయ్యి ముందుకొస్తే ఆ తిప్పుడు సరిపోతుంది, ఒళ్లు నిటారుగా ఉంటుంది. చేతులు మనల్ని ముందుకి తొయ్యవు, తోసేది కాళ్లే. కానీ చేతులు, నడుము అదుపులో లేకపోతే కాళ్ల బలం పక్కలకి పోతుంది.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, 13.09 సెకన్లలో. ఆ వీడియో చూడండి. హర్డిల్ దాటేటప్పుడు పైశరీరం ఎంత కుదురుగా ఉంటుందో గమనించండి.

ఇప్పుడు ఎక్సర్‌సైజులు. జిమ్ అక్కర్లేదు.

ఒకటి, దండాలు. 10 చొప్పున 3 సెట్లు.

రెండు, పుల్లప్స్. బార్ లేకపోతే గట్టి వేపకొమ్మ చాలు, ముందు లాగి చూసుకోండి. చాలామంది ఛాతీకే చేసి వీపుని వదిలేస్తారు. మోచేతిని వెనక్కి లాగేది వీపూ భుజం వెనక కండరాలే.

మూడు, ప్లాంక్. 30 సెకన్లు, 3 సార్లు.

నాలుగు, కాళ్లు చాపి నేల మీద కూర్చుని చేతులు ఊపడం. మోచెయ్యి దాదాపు 90 డిగ్రీలు వంచాలి. చెయ్యి ముందు గడ్డం ఎత్తు దాకా, వెనక తుంటి దాటి వెళ్లాలి. 15 సెకన్లు వేగంగా, 4 సార్లు. భుజాలు, దవడ వదులుగా ఉండాలి.

వారానికి రెండు మూడు రోజులు చాలు. అది కూడా పరుగు ప్రాక్టీస్ అయ్యాకే, ముందు కాదు. ఇంకో మాట, కండలు పెంచేద్దామని చూడకండి. పెరిగిన బరువు మొయ్యాల్సింది మళ్లీ కాళ్లే.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ? పది వారాలకి 14.7 వచ్చింది. అంతా చేతుల వల్లే అనను, స్టార్ట్ కూడా సరిచేశాం. అయినా సంబరపడొద్దని చెప్పాను. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే అసలు టైమ్ కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, ఒక్కోసారి 0.2 సెకన్ల పైనే. అందుకే వాడి టార్గెట్ ఇప్పుడు 14.5. మీరూ 15 కోసం కాదు, 14.5 కోసం పరిగెత్తండి.

రేపు పొద్దున్నే ఒకరి చేత స్లోమోషన్ తీయించుకుని మీ భుజాలు చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో స్టార్ట్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను, నమస్తే.