సహాధ్యయనము



పరీక్షలయందు ప్రథమస్థానము నందిన విద్యార్థులకు మన సభలో పతకము లిచ్చుచున్నాము. ఇది ముదావహమే. కాని నేడు నేను విన్నవింపదలచినది పతకము రాని పిల్లవానిగూర్చి.

పిల్లలు కలిసి చదువుట మనకు క్రొత్త గాదు. పూర్వపు వీథిబడులలో అయ్యవారొక్కరు, పిల్లలు పలువురు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దు చిన్నవారికి పెద్దపిల్లలు నేర్పుచుండెడివారు. చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ దొర మలబారు పిల్లల యిసుకవ్రాతను చూచి, తోటి పిల్లలచేతనే పాఠములు చెప్పించి, 1797లో లండనున గ్రంథము ప్రకటించెను. అది ‘మద్రాసు పద్ధతి’ యని ప్రసిద్ధి కెక్కినది. తెలుగు వ్యాకరణమును రచించిన కాంబెల్ దొర బళ్లారి కలెక్టరుగా 1823లో వ్రాసిన నివేదికలో మన బడుల యీ రీతిని మెచ్చుకొనెను. కాని పిల్లలు అర్థ మెఱుగక వల్లించుచున్నారని ఆక్షేపించెను. రెండును నిజమే. కలిసి వల్లించుట వేఱు; కలిసి తెలిసికొనుట వేఱు.

మన సీమయందే మేలైన నిదర్శనము కలదు. 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు విజయనగరమున గురజాడ అప్పారావుగారికి సహాధ్యాయులు. ఆ బాల్యస్నేహమే పిమ్మట వ్యావహారికభాషోద్యమమునకు ఊతమైనది. పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరభాషను సవరలయొద్దనే నేర్చి, వారి బిడ్డలకు ఆ భాషలోనే చదువు చెప్పించిరి. అంతటి గురువు నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. తోటివాని నడుగుటకు మన పిల్లలేల సిగ్గుపడవలెను?

నా తప్పొకటి చెప్పుకొందును. హైస్కూలులో నా ప్రక్కన కూర్చుండు బాలుడు లెక్క తెలియక నన్ను రెండుమూడు మారు లడిగెను. చెప్పినచో నా స్థానము పోవునని పుస్తకము మూసికొంటిని. నాకు బహుమానము వచ్చెను. వాడా యేడే బడి మాని తండ్రివెంట కూలికి పోయెను. పేదఱికమును కారణమే, నా మూసిన పుస్తకము కారణము కాదని మాత్రము చెప్పజాలను.

ఉపాధ్యాయులు తరగతిని నలుగురేసి జట్లుగా కూర్చవచ్చును. మొదట ఎవరికి వారు యత్నింపవలెను. పిమ్మట ఒకరి కొకరు వివరింపవలెను. కడపట వెనుకబడిన పిల్లవానిచేతనే జట్టు తరఫున చెప్పింపవలెను. చురుకైనవానికి కాలము వృథా యగునందురు. కాదు, ఇతరులకు చెప్పునపుడే మనకు తెలియనిది మనకు తెలియును. ఈ జట్లలో ఆడపిల్లలకు సమానస్థాన ముండవలెను. ఇవి కులమునుబట్టి కట్టరాదు. కులసభలో నిలిచియే యీ మాట చెప్పుచున్నాను.

పోషకులారా! మీ బహుమానములలో సగము, వెనుకబడినవానిని వెంటబెట్టుకొని ముందుకు సాగిన జట్టున కిండు. ఒక్క పిల్లవాడైన బడి మానకుండ నిలిచినచో, మీ ధనము సార్థకమగును.

ఇంతటితో విరమించుచున్నాను. స్వస్తి.