మొరిగే కుక్కను కట్టివేయకండి

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగములు: యెషయా 56:9-12, యోహాను 10:11-15



ఈ ఉదయం మీతో ఒక కుక్కను గూర్చి మాట్లాడాలని ఆశపడుచున్నాను. దైవసేవకుడు కుక్కను గూర్చి ప్రసంగించుటేమిటని మీరు నవ్వుకోవచ్చును. కాస్త ఓపికతో వినండి.

గుడివాడ చుట్టుప్రక్కల గ్రామాలలో ఉన్నవారికి నేను చెప్పబోయేది బాగా తెలుసు. సార్వా వరి కోత అయిపోయి, మినుము పెసర కూడా ఇంటికి చేరిన తరువాత చేలన్నీ ఖాళీగా ఉంటాయి. కాలువలు కట్టేస్తారు. అప్పుడు మెట్ట ప్రాంతాలనుండి గొర్రెల మందలు వస్తాయి. భుజాన గొంగళి, చేతిలో కర్ర, వెనుక కుక్క. రైతు కాపరితో బేరం చేసుకుని తన చేలో కొన్ని రాత్రులు మంద కట్టిస్తాడు. గొర్రెల పెంట, మూత్రం నేలలో కలిసి వచ్చే పంటకు బలమిస్తాయి. కాపరికి ధాన్యమో, డబ్బో ముడుతుంది. మందకు మేత దొరుకుతుంది. ఇది మన పెద్దల కాలమునుండి వస్తున్న ఏర్పాటు.

ఇతర దేశాలలో గొర్రెలను తోలే కుక్కలున్నాయి. 1873లో వేల్స్ దేశములోని బాలా అనే ఊరిలో ఇటువంటి కుక్కలకు పోటీ పెట్టారు. బోర్డర్ కోలీ అనే జాతి కుక్క కాపరి ఈల వేస్తే చాలు, కుడికో ఎడమకో పరుగెత్తి మందను మళ్ళిస్తుంది. మన కాపరుల కుక్కకు అంత చదువు లేదు. అది మామూలు ఊరకుక్కే. పగలు మంద వెనుక నడుస్తుంది, చెట్టు నీడ దొరికితే పడుకుంటుంది. దాని ఉద్యోగం రాత్రి మొదలవుతుంది. కూనగా ఉన్నప్పటినుండి గొర్రెల మధ్యనే పెరుగుతుంది గనుక ఆ మందే దానికి ఇల్లు. వల బయట పడుకుని, చీకటిలో ఏది కదిలినా మొరుగుతుంది. అంతే దాని పని.

చాలా ఏండ్ల క్రితం, నేను వేదాంత కళాశాలలో చదువు ముగించి సేవకు వచ్చిన మొదటి వేసవిలో, మా నాన్నగారు మా రెండెకరాల చేలో మంద కట్టించారు. ఆ చేను మా ఇంటికి ఆనుకునే ఉంటుంది. అది శనివారం రాత్రి. మరునాటి ఆరాధనకు ప్రసంగం సిద్ధపరచుకొనుచున్నాను. కుక్క మొరుగుతూనే ఉంది. నాకు విసుగు వచ్చింది. బయటకు వెళ్ళి, "పెద్దాయనా, దాన్ని ఎక్కడైనా కట్టెయ్యి, రేపు వాక్యం చెప్పాలి" అన్నాను. అయ్యగారి మాట కాదనలేక ఆ వృద్ధుడు దానిని కాలువ అవతలి పశువుల పాకలో కట్టి తడిక వేసి వచ్చాడు.

అర్ధరాత్రి దూరంగా దాని అరుపు వినబడింది. కట్టేసినందుకు ఏడుస్తున్నదనుకుని ప్రక్కకు తిరిగి పడుకున్నాను. పగలంతా నడిచిన కాపరి కూడా అలాగే అనుకున్నాడట.

తెల్లవారేసరికి రెండు గొర్రెపిల్లలు లేవు. నక్కలు ఎత్తుకుపోయాయి. వాటి తల్లులు వల చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. నేను డబ్బు ఇవ్వబోతే కాపరి పుచ్చుకోలేదు. ఒక్క మాట అన్నాడు. "అయ్యగారూ, అది మొరిగిన ప్రతిసారీ నక్క రాదు. కాని నక్క వచ్చిన ప్రతిసారీ అది మొరుగుతుంది."

ఆ ఆదివారం నేను ప్రసంగించిన అంశం మంచి కాపరి! నా ప్రసంగం కొరకే ఆ పిల్లలు పోయాయని నాకొక్కడికే తెలుసు.

ప్రియులారా, యెషయా ప్రవక్త 56వ అధ్యాయములో ఇశ్రాయేలు కావలివారిని మొరగలేని కుక్కలతో పోల్చాడు. వారు నిద్రను ప్రేమించారని గద్దించాడు. కుక్క మొరగడం తప్పని ప్రవక్త అనలేదు. మొరగవలసిన వేళ మౌనముగా ఉండుటే అక్కడి నేరము. యోబు గ్రంథము 30వ అధ్యాయములో కూడా మందను కాయు కుక్కల ప్రస్తావన మనకు కనబడుతుంది. అంటే ఆ భక్తుని మందల దగ్గర కుక్కలున్నవి.

ఇంత జరిగినా నేను పాఠం నేర్చుకున్నానా? లేదు. సిగ్గుతో చెప్పుచున్నాను. కొన్నేళ్ళ తరువాత మా సంఘములో ఒక వృద్ధ సహోదరి నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ అబ్బాయి చెరువు లీజుకు అప్పులు చేశాడు. మొహంలో కళ లేదు. ఒకసారి వెళ్ళి చూడండి" అన్నది. వారం తరువాత మళ్ళీ వచ్చింది. మూడవసారి నేను, "అమ్మా, ఇతరుల సంగతులు మనకెందుకు? ప్రార్థన చేసుకోండి" అని నోరు మూయించాను. నెల తిరగకుండా ఒక రాత్రి ఆ కుటుంబం తాళం వేసి ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఇద్దరు పిల్లల చదువు మధ్యలో ఆగిపోయింది.

వెదికి వెదికి వారిని హైదరాబాదులో కలుసుకున్నాను. క్షమించమని అడిగాను. ఆ తమ్ముడు తలవంచుకుని, "మీరు ఒక్కసారి వచ్చి అడిగితే చెప్పేవాణ్ణి అయ్యగారూ" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నన్ను విడువలేదు. తిరిగి వచ్చి ఆ వృద్ధ సహోదరి ఇంటికి వెళ్ళి ఆమెను కూడా క్షమాపణ అడిగాను. ఆమె, "ఇక ఈసారి వినండి బాబూ" అన్నది.

దివిసీమవారికి హెచ్చరిక విలువ నేను చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19, శనివారం నాడు వచ్చిన ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. గుంజకు కట్టిన పశువులు గుంజ దగ్గరే చచ్చిపడి ఉన్నాయని నాగాయలంకలో ఒక వృద్ధ విశ్వాసి నాతో చెప్పి కన్నీరు పెట్టుకున్నాడు. ఈ రోజున బందరులో వాతావరణ శాఖవారి రాడార్ ఉన్నది, తీరగ్రామాలలో తుఫాను షెల్టర్లు ఉన్నవి. ఎన్నిసార్లు హెచ్చరించినా తుఫాను రాకుండా ప్రక్కకు పోతుంది. అప్పుడు మనం, "ఊరికే భయపెట్టారు" అంటాము. అలా అనవద్దు. రాని తుఫానుకు లేచి వెళ్ళినవాడే వచ్చిన తుఫానుకు కూడా లేచి వెళతాడు.

అయితే ఒక మాట. గొర్రెను కరిచే కుక్కను ఏ కాపరీ ఉంచుకోడు. కుక్క నక్క వైపు తిరిగి మొరుగుతుంది గాని గొర్రె మీద పడదు. వీధిలో నిలబడి పొరుగువాని కష్టాన్ని చాటించుట కొండెము. ఆ కష్టాన్ని సహాయము చేయగలవాని చెవిని వేయుట ప్రేమ. మనము మాట్లాడునప్పుడు ఎవరి వైపు తిరిగి మాట్లాడుచున్నామో పరీక్షించుకుందాము.

నీ ఇంటిలో మొరుగుచున్నది ఎవరు? త్రాగవద్దని ప్రతి సాయంత్రం బ్రతిమాలే నీ భార్యా? అప్పు చేయవద్దని చెప్పే ముసలి తండ్రా? "నాన్నా, నాకు ఆ ఇంటికి వెళ్ళాలంటే భయం" అంటున్న నీ కుమార్తెయా? విసుగుతో కట్టివేయకుము. లేచి దీపము పట్టుకుని వెళ్ళి చూడుము. తొమ్మిదిసార్లు ఏమీ ఉండకపోవచ్చును. పదవసారి ఒక గొర్రెపిల్ల బ్రతుకుతుంది.

సంఘ కాపరులారా, పెద్దలారా, ఈ మాట మొదట నాకు, తరువాత మీకు. మన ప్రభువు జీతగాడు కాడు. తోడేలు వచ్చినప్పుడు పారిపోక గొర్రెల కొరకు తన ప్రాణము పెట్టినవాడు. ఆయన మందలో నిద్రపోవుటకు మనకు జీతమియ్యలేదు.

ప్రార్థన చేసుకుందాము. మంచి కాపరివైన ప్రభువా, నీవు పంపిన హెచ్చరికలను విసుగుతో త్రోసివేసిన మా పాపమును క్షమించుము. మా నిర్లక్ష్యము వలన చెదరిపోయిన వారిని వెదకుటకు మమ్మును లేపుము. ఈ రాత్రి చేలలో మందలు కాచుకొను కాపరులను, సముద్రతీరములోని కుటుంబములను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.