మలయా మహారణ్యమున మూడు దినములు

అడవి యనగానే మనకు స్ఫురించునది నల్లమల వంటి అడవి. చలి వెనుకబట్టగానే ఆకు రాల్చి, ఎండలు ముదిరిన కొలది మోడువారి, తొలకరి చినుకుతో మరల చిగుర్చుట దాని ధర్మము. ఆ అడవిలో నిలుచున్నవానికి ఆకాశము కనబడును. ఏ ఋతువు నడచుచున్నదో చెట్లే చెప్పును. ఏడాది పొడుగున ఒకే పచ్చదనముతో, పట్టపగలు సైతము సూర్యుని చూడనీయని అడవి మరియొకటి కలదని మేము పుస్తకములలో చదివితిమే కాని కన్నులార చూచి యెఱుగము. అట్టి అడవిలో మూడు పగళ్లు, రెండు రాత్రులు గడపివచ్చిన నలుగురము అచ్చట చూచిన వింతలను, నేర్చిన యొక పాఠమును శ్రోతలకు విన్నవింప దలచితిమి.

ఆ అడవి పేరు తమాన్ నెగారా. అది మలేషియా దేశపు ద్వీపకల్పమున, భూమధ్యరేఖకు నాలుగున్నర డిగ్రీల ఉత్తరమున ఉన్నది. మలయా భాషలో 'తమాన్' అనగా తోట. 'నెగారా' అనగా దేశము. ఈ రెండవ మాట మన 'నగర' శబ్దమే. సముద్రము దాటిన పిదప దాని అర్థము పెరిగినది. పహాంగ్, కెలంతాన్, తెరెంగాను అను మూడు రాష్ట్రములలో 4,343 చదరపు కిలోమీటర్ల మేర ఈ వనము వ్యాపించి యున్నది. ద్వీపకల్పమున కెల్ల ఎత్తైన తహాన్ పర్వతము, 2,187 మీటర్లది, దీని నడుమ నిలిచినది. ఒకప్పుడు తానే పెద్ద వేటగాడై యుండి, పిమ్మట మృగరక్షణకు నడుము కట్టిన థియొడోర్ హబ్బాక్ అను ఆంగ్లేయుని పట్టుదల వలన 1925లో ఇచ్చట కొంత భాగము రక్షితారణ్య మయ్యెను. 1938-39లో మూడు రాష్ట్రముల సుల్తానులు తమ తమ భాగముల నొసగగా ఐదవ జార్జి పేర జాతీయవనము వెలసెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఇప్పటి పేరు కలిగెను.

మా నలువురిలో ముగ్గురము ఇచ్చటి నుండి పోయినవారము. నాలుగవవారు మా బంధువులు, మలేషియాలోనే పుట్టి పెరిగినవారు. వారి తాతగారు విశాఖపట్టణ ప్రాంతమునుండి రబ్బరు తోటల కూలికై ఓడ నెక్కి పోయినవారు. కౌలాలంపూరునుండి కారులో పోవుచుండగా గంటల తరబడి మార్గమునకు ఇరుప్రక్కల నూనెతాటి తోటలే. చెట్టు వెనుక చెట్టు, వరుస వెనుక వరుస, లెక్క తప్పని పచ్చదనము. "ఇదంతయు ఒకప్పుడు అడవియే. నరికించినవారు దొరలు, నరికిన చేతులలో మా తాతగారివియు ఉన్నవి" అని మా బంధువులు మెల్లగా పలికిరి. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. పొట్టకూటికై పోయినవారిని తప్పు పట్ట నెవరి తరము? అయినను అడవిని చూడబోవుచున్న మాకు ఆ మాట త్రోవ పొడుగున తోడు వచ్చెను.

కువాలా తహాన్ అను పల్లె ఈ వనమునకు వాకిలి. అచ్చట మాకు ఇరువురు మార్గదర్శకులు దొరకిరి. ఒకరు ఏబదియేండ్లు దాటిన మలయా దేశీయులు. వారిని అందఱును 'పాక్‌చిక్' అని పిలుతురు. అది మన 'చిన్నాయన' వంటి పిలుపని తెలిసికొని మేమును అట్లే పిలిచితిమి. రెండవవాడు ఆ యడవిలోనే పుట్టిన బాతెక్ జాతి యువకుడు. మాటలు తక్కువ. చెవికి చూపుకన్న ఎక్కువ పని చెప్పువాడు.

మొదటినాటి ఉదయమున సన్నని పొడుగుపాటి పడవ నెక్కి తెంబెలింగ్ నదిపై ఎగువకు సాగితిమి. ఒడ్డుల నుండి 'నెరామ్' అను వృక్షములు నీటిమీదికి వంగి పందిరి వేసినవి. ఇవి మన శేషాచలపు కొండలలోని జాలారి చెట్టునకు జ్ఞాతులు. గుగ్గిలము నొసగు ఆ కుటుంబమే ఇచ్చట అడవిని ఏలుచున్నది. మన కొండలలో ఈ కుటుంబపు చెట్లు కొద్దిరకములే. ఇచ్చట వాని రకములకు లెక్క పెద్దది. కొన్ని యేండ్లకొకమారు, ఏ పంచాంగమునకును అందని ముహూర్తమున, ఇవన్నియు కూడబలుకుకొనినట్లు ఒక్కసారిగా పూచి కాయునట. అంత కాపు ఒక్కమారు నేల రాలినచో తినెడి మృగములు తిన్నంత తినగా మిగిలిన గింజలు మొలకెత్తును. చెట్లు వంశము నిలుపుకొను ఉపాయ మిది.

కువాలా కెనియామ్ అను చోట పడవ దిగి అడవిలో ప్రవేశించితిమి. మొదట తోచినది చీకటి. తరువాత తడి. ఆ తరువాత కీచురాళ్ల రొద. చెట్లు అంతస్తులుగా పెరిగినవి. క్రింద మొలకలు వెలుతురు కొఱకు ఏండ్ల తరబడి పొంచియుండును. మహావృక్షము లొకటి రెండు అన్నిటిని మించి పైకి పోవును. అందు 'తువాలాంగ్' అను చెట్టు ఎనుబది మీటర్ల వరకు పెరుగునట. దాని కొమ్మలకు తేనెపట్లు వ్రేలాడుచుండెను. నల్లమలలో చెంచులు కొండచరియలనుండి దించునదియు ఈ పెద్ద తేనెటీగ పెట్టిన తేనెయే.

ఇంతటి వృక్షసంపదను మోయు నేల సారవంతమైనదని మేము తలచితిమి. పాక్‌చిక్ మడమతో ఆకులను ప్రక్కకు త్రోసి చూపిరి. పైపొర వ్రేలి మందము. క్రింద ఎఱ్ఱని చవుడు వంటి మన్ను. రాలిన ఆకును శిలీంధ్రములును చెదలును అనతికాలముననే కుళ్లజేయగా, ఆ సారమును వేళ్లు వెంటనే పీల్చుకొనును. అడవి ధనమంతయు చెట్లలోనే ఉన్నది, నేలలో లేదు. అందుచేతనే వేళ్లు లోతునకు పోక గోడలవలె బయటికి లేచి మ్రానును నిలబెట్టును. చెట్టు పోయినచో మిగులునది వట్టి మన్ను. నరికిన అడవి మరల రాదని వారు వేరుగా చెప్పనక్కర లేకపోయెను.

వన్యమృగములను చూడవలెనని బయలుదేరిన మాకు తొలినాడు ఎదురైనవి జలగలు. ఆకుల చివర నిలిచి, మా అడుగుల అదరు తెలియగానే తలలు చాచి వెదకుచుండెడివి. మాలో పిన్నవాడు తన పిక్కను పట్టిన జలగను అగ్గిపుల్లతో కాల్చి, అది మెలికలు తిరుగుట చూచి పకపక నవ్వెను. బాతెక్ యువకుడు చటుక్కున ఆగెను. అతని ముఖమున కోపము లేదు, భయ మున్నది. అట్లు చేయరాదని పాక్‌చిక్ ద్వారమున తెలియజెప్పెను. జలగను కాల్చుట, ప్రాణులను చూచి అపహసించుట వారి జాతిలో నిషిద్ధము. చేసినచో గొబార్ అను ఉరుముల దేవర కోపించి గాలివాన పంపును. పూర్వము తప్పు చేసినవారు కాలిపై చిన్న గాటు పెట్టుకొని, ఆ రక్తమును నీటిలో కలిపి పైకి చల్లి క్షమాపణ వేడుకొనెడివారట. మా పిన్నవాడు సిగ్గుపడి అగ్గిపెట్టె సంచిలో దాచెను. మేము మాత్రము లోలోపల ఇది మూఢనమ్మకమే కదా యని అనుకొంటిమి.

ఆ రాత్రి బస 'గువా కెపాయాంగ్' అను గుహలో. గువా అనగా మన గుహయే! సున్నపురాతి కప్పు క్రింద నేలపై పట్టలు పరచి, కట్టెలు రాజేసి అన్నము వండుకొంటిమి. గబ్బిలములు దండులుగా వెలుపలికి పోయినవి. నెగళ్ల వెలుగు దాటిన చోట చీకటి గోడవలె నిలిచెను. మాటలలో యువకుడు 'గహారు' అను సుగంధపు చెక్కను గూర్చి చెప్పగా, అది మన అగరు అని గుర్తించి అందఱమును సంతసించితిమి. మన దేశపు మాట ఎన్నడో పోయి ఆ యడవిలో నిలిచి యున్నది.

రెండవనాటి తెల్లవారుజామున గిబ్బన్ కోతుల పాటతో మేల్కొంటిమి. ఆడదియు మగదియు వంతులు పాడునట్లు ఒక కొండనుండి మరియొక కొండకు ఆ ధ్వని ప్రాకెను. ఏనుగులు నడచిన దారినే నడచితిమి. తడి నేలపై ముందు కాలికి నాలుగు, వెనుక కాలికి మూడు వ్రేళ్లు గల అడుగులను యువకుడు చూపెను. అవి టేపిర్ అను మృగముని. నెత్తిపై నుండి రైలు ఆవిరి విడిచినట్టి చప్పుడు వినవచ్చెను. తలయెత్తగా ముక్కుపై కొమ్ము గల హార్న్‌బిల్ పక్షుల జంట రెక్కలార్చుచు పోవుచుండెను.

మధ్యాహ్నము మూడు గంటలకు ఉరిమెను. వాన మొదట వినబడెను గాని పడలేదు. పైన ఆకులు తడిసిన పిదప గాని క్రిందికి దిగలేదు. దిగిన పిమ్మట కుండపోత. మేము దాటవలసిన వాగు వద్దకు వచ్చునప్పటికి నీరు ఎఱ్ఱబారినది, అయినను మొలబంటియే. ఆవలి ఒడ్డు ఇరువది అడుగుల దూరము. చీకటి పడకముందే బస చేరవలెననియు, మఱునాటి పడవ తప్పిపోవుననియు మేము తొందరపడితిమి. పాక్‌చిక్ ఒక పుల్లను నీటియంచున గ్రుచ్చి కూర్చుండిరి. "పడవవాడు ఆగును, బాబూ. కూర్చుండుడు" అనిరి. మాలో పెద్దవారు ఒకింత విసుగుతో, డబ్బు చెల్లించినది కూర్చుండుటకా యని కూడ అనిరి. ఆయన నవ్వి ఊరకుండిరి. పావుగంటలో పుల్ల మునిగెను. మరికొంత సేపటికి ఎగువనుండి నడుము లావు మ్రాను వేళ్లతో సహా దొర్లుచు వచ్చి, మేము దాటుద మనుకొన్న చోటనే రాతికి కొట్టుకొని, గిరగిర తిరిగి పోయెను. ఎవరికిని నోట మాట రాలేదు. పెద్దవారు లేచి పాక్‌చిక్ చేయి పట్టుకొని కూర్చుండిరి.

మూడు గంటల పిదప నీరు మోకాలిబంటికి దిగెను. త్రాడు పట్టుకొని, దివిటీల వెలుగున దాటితిమి. నిన్నటి జలగ సంగతి బాతెక్ యువకుడు ఎత్తలేదు. మా పిన్నవాడే వాని దగ్గరకు పోయి తల వంచుకొని నిలువగా, వాని భుజము తట్టెను. వాన జలగ వలన వచ్చినదని మేము నేటికిని నమ్మము. కాని అడవిలో దేనిని చూచి నవ్వరాదని పిల్లలకు నేర్పిన జాతి, వాగును చూచియు నవ్వదు. మేము వాగును చూచి నవ్వితిమి. ఆ నిషేధపు లోతు మాకు అప్పుడు తెలిసినది.

రాత్రి బస బుంబున్ కుంబాంగ్ అను ఎత్తైన మంచెయిల్లు. దాని యెదుట మృగములు ఉప్పుమన్ను నాకుటకు వచ్చు చోటు కలదు. వంతుల వారీగా మేల్కొని చూచుచుండగా నడిరేయి దాటిన పిదప టేపిర్ వచ్చెను. ముందు వెనుకలు నలుపు, నడుము తెలుపు. వెన్నెలలో తెల్లని భాగము మాత్రమే కదలుచున్నట్లు తోచెను. పులి కనబడలేదు. 2016 నుండి 2020 వరకు జరిగిన గణనలో ఆ దేశపు అడవులన్నిటను నూటయేబదికి లోపుగానే పులులు మిగిలినవని తేలెను. సుమత్రా ఖడ్గమృగము 2019లో మలేషియాలో పూర్తిగా అంతరించెను.

మూడవనాడు పడవలో తిరిగి వచ్చుచు బాతెక్ పల్లె నొకదానిని చూచితిమి. తాటాకు వంటి ఆకులతో అల్లిన ఏటవాలు పందిళ్లు, వానిలో ఒక్కొక్క కుటుంబము. పేపును కట్టెపై ఒరయించి నిప్పు పుట్టించిరి. వెదురు గొట్టమున సన్నని అమ్ము నుంచి ఊది గురి కొట్టిరి. వేటలో దొరకినది పల్లె యంతయు పంచుకొనుట వారి ఆచారము, పంచకుండుట పాపము. ఎవరైన మరణించినచో ఆ చోటు విడిచి తరలిపోవుదురు. మా రుసుములో ఈ పల్లెకు ఎంత చేరునని అడుగగా పాక్‌చిక్ దాచక "కొంచెమే" అనిరి. అంతట మా చేతులలోని కెమేరాలు బరువైనవి. అడుగకుండ ఎవరి ముఖమును చిత్రము తీయలేదు.

2019లో కెలంతాన్ రాష్ట్రమున కువాలా కో అను బాతెక్ పల్లెలో వరుసగా మరణములు సంభవించెను. తట్టు వ్యాధి ప్రబలినదని వైద్యులు తేల్చిరి. ఆ పల్లె చుట్టును అడవి పోయి నూనెతాటి తోటలు వచ్చినవి. అడవి తఱిగిన చోట తిండి తఱుగును, తిండి తఱిగిన చోట రోగము బలియును. మా బంధువులు ఆ సంగతి చెప్పి, తాతగారి చేతులను గూర్చి తొలినాడు పలికిన మాటను మరల పలుకలేదు. పల్లెలోని ముదుసలికి నమస్కరించి వచ్చిరి.

ఇట్టి యాత్ర చేయదలచిన వారికి మేము చెప్పునది స్వల్పము. ఈశాన్య ఋతుపవనము వీచు నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఆ వైపు పోకుడు. పొడుగు మేజోళ్లు, పొడి బట్టల జత మరువకుడు. మార్గదర్శకుడు కూర్చుండు మన్నచో కూర్చుండుడు. అంత దూరము పోలేనివారికి నల్లమల యున్నది, అందు చెంచు లున్నారు. వారిని చూడబోవునపుడు నేర్పుటకు కాక నేర్చుకొనుటకు పోవుదము. ఆ యడవిలోని వాగునకును ఒక పుల్ల గ్రుచ్చి చూడగల పెద్ద యెవరో ఉండక పోరు.